గేరాయిలు కాగితం మీద సంతకం

మొదటిసారి ఆ తేడా నాకు ఇక్కడ ఫిజీలో, లంబాసా మార్కెట్ వెనకాల తెలిసింది. నేను పెట్టి అమ్మే ఊరగాయ, మావైపు అచారంటాం, ఆ అచారు సీసాల ఖాళీ పెట్టెలు వెనక సీట్లో పడేసి, చంకకర్రలు పక్కన ఆనించుకుని, కారు స్టార్టు చేసి రివర్సులో వేశాను. కదల్లేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేంతసేపు ఊరికే నిలబడి, అప్పుడు ఒక్క కుదుపుతో వెనక్కి ఉరికింది. కొబ్బరికాయలమ్మే మనిషి "చూసుకోమ్మా!" అని అరిచాడు. చూసుకునే ఉన్నాను నాయనా, నన్ను పట్టిన భయం వేరు.

ఎందుకంత భయమంటే చెబుతాను. నాకు ఎడమకాలు మోకాలి కిందనించి లేదు. షుగరు తీసుకుపోయింది. క్లచ్చు ఉన్న బండి నేను నడపలేను. ఈ కారుకి క్లచ్చు లేదు, గేర్లు అదే మార్చుకుంటుంది, కుడికాలు ఒక్కటుంటే చాలు. మా వాయినికోరోలో బస్సు మెట్లెక్కాలంటే ఇద్దరు మనుషులు నన్ను చెరో రెక్కా పట్టుకుని ఎత్తాలి. ఆ అవస్థ ఒకసారి పడ్డాను, మళ్ళీ పడనని ఆ బస్సులోనే ఒట్టు పెట్టుకున్నాను. కారుంటే శుక్రవారం, శనివారం మార్కెట్లో నా అచారు నేనే అమ్ముకుంటాను, గుడికి నేనే వెళ్తాను, ఎవర్నీ దేబిరించక్కర్లేదు. ఈ గేరు పోతే ఇంకో కారు కొనే తాహతు మాకు లేదు. కారు లేకపోతే నాకు మళ్ళీ వరండా, మళ్ళీ ఆ కుర్చీ.

ఆ కుర్చీ సంగతి నాకు బాగా తెలుసు. కాలు తీసేశాక ఏడాదిన్నర అందులోనే కూర్చున్నాను. ఎదురుగా చెరుకు, దాని అవతల మిల్లుకి చెరుకు మోసే చిన్న రైలు పట్టాలు, వాటి పక్కన రోడ్డు. ఎవరు బజారుకి పోతున్నారో, ఎవరు పెళ్ళికి పోతున్నారో చూడటం, తిరిగొచ్చేటప్పుడు వాళ్ళ చేతుల్లో ఏమున్నాయో చూడటం, అదే నా ఉద్యోగం. నోటి దురుసు నాకు మొదట్నించీ ఉంది గానీ ఆ కుర్చీలో మరీ ముదిరింది. మా ఆయన పాపం పొద్దున్నే లేచి రొట్టెలు కాల్చి, నాకు టీ ఇచ్చి, నేననే మాటలన్నీ పడి పొలానికి పోయేవాడు. ఒక రోజు ఎద్దుల జతనీ పాత వ్యానునీ అమ్మేశాడు, నాతో ఒక్క ముక్క చెప్పలేదు. మర్నాడు లంబాసా నించి ఈ కారు తెచ్చి వరండా ముందు ఆపాడు.

"దిగు," అన్నాడు.

"ఎక్కణ్ణించి?"

"ఆ కుర్చీలోంచి."

జపాన్లో ఎవరో వాడుకుని వదిలేసిన కారది. తాళం తిప్పగానే లోపల్నించి ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా జపాను భాషలో ఏదో చెప్పేది. ఏం చెప్పేదో ఇప్పటికీ తెలీదు. మా ఆయన రోజూ "అలాగేనమ్మా" అనేవాడు. బానెట్టు లోపల ఒక చీటీ అంటించి ఉండేది, అదీ జపానులోనే. గేరాయిలు ఎప్పుడు మార్చారో, అసలు మార్చారో లేదో ఆ చీటీలోనే రాసి ఉంటుంది. మా వైపు దాన్ని చదివే నాథుడు లేడు.

కోతయిపోయిన మడి పక్క మట్టిదారిలో మా ఆయన నాకు డ్రైవింగు నేర్పాడు. మొదటి రోజు నోరు జారి "ఎడమకాలు ఏం చెయ్యాలి?" అని అడిగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ "దానికి పనేం లేదు," అన్నాడు. ఆ తర్వాత ఆయన బ్రేకు ఎక్కడుందో చూపించాడు.

ఆ శనివారం ఇంటికి రాగానే రివర్సు సంగతి చెప్పాను. ఆయన ముప్పయ్యేళ్ళు ట్రాక్టరుతో బతికిన మనిషి. నూనె చూడటమంటే ఆయనకి ఒక పద్ధతి, ఒక నిష్ఠ. ఇంజిను ఆపాడు, చల్లారనిచ్చాడు, నూనె కొలిచే పుల్ల బైటికి లాగి గుడ్డతో తుడిచాడు, మళ్ళీ ముంచి తీసి ఎండలో ఎత్తి పట్టుకున్నాడు.

"గీత దాకా నిండుగా ఉంది. ఏం పర్లేదు," అన్నాడు.

"ఒక చుక్క ఈ తెల్లగుడ్డ మీద వెయ్యండి."

వేశాడు. డికాక్షను రంగు. వాసన చూస్తే అడుగంటిన పప్పు వాసన. "ఇది ఎర్రగా ఉండాలటండీ, మార్కెట్ దగ్గర టాక్సీవాళ్ళు చెప్పారు," అన్నాను. "వాళ్ళకేం తెలుసు," అని బానెట్టు మూసేశాడు. కానీ సాయంత్రం చూశాను, పెరట్లో ఒక్కడే నిలబడి ఆ గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని మళ్ళీ వాసన చూస్తున్నాడు.

మర్నాడు ఆదివారం. మా వైపు ఆదివారం మధ్యాహ్నం మగాళ్ళు షెడ్డు కింద చాప పరుచుకుని బేసిన్లో యంగోనా కలుపుకుంటారు. వేరు దంచిన పొడి, చల్లనీళ్ళు, ఒక కొబ్బరి చిప్ప. చిప్ప చేతులు మారుతూ ఉంటుంది, తాగినవాడు చప్పట్లు కొడతాడు, మాటలు నడుస్తాయి. భూమి లీజు దగ్గర్నించి పెళ్ళి సంబంధం దాకా మాకు ఏది తేలినా ఆ బేసిను చుట్టూనే తేలుతుంది. ఆడవాళ్ళం వినొచ్చు. అడిగితే చెప్పొచ్చు కూడా. అడగరు.

ఆ రోజు మా గేరాయిలు వంతు వచ్చింది. నేను వరండాలో బెండకాయలు తరుగుతూ వింటున్నాను. పెద్దపీట మా బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది. ఆయన చెరుకు కోసే కూలీల గ్యాంగుకి పెద్ద, ఇంటికీ పెద్ద. ఆయన మాటంటే మా ఆయనకి గుళ్ళో మాట. బావగారు చిప్ప దించి, మూతి తుడుచుకుని, తీరిగ్గా చెప్పాడు.

"పాత గేరురా అది. లోపల అరిగిన పొడంతా ఆ నూనెలోనే ఉంది. ఆ మురికి పట్టు మీదే బండి లాగుతోంది. కొత్త నూనె పోశావనుకో, అంతా కడిగేస్తుంది, పట్టు జారిపోతుంది. వునిమోలిలో మా వియ్యంకుడు మార్పించాడు, వారం తిరక్కుండా బండి కూర్చుంది."

"వాయిలేవులోనూ ఒకడిది అలాగే అయింది," అన్నాడు పక్కింటాయన.

"అందుకే ముట్టుకోకు. ముట్టుకోకపోతే దాని మానాన అది నడుస్తుంది. కొన్నాళ్ళు చూద్దాం," అన్నాడు బావగారు.

మా ఆయన తలూపాడు. నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ మాట నేను ఇంతకుముందు విన్నాను, అదే గొంతులో విన్నాను.

కోతల కాలంలో గ్యాంగుకి అన్నం గిన్నెలు మోసుకెళ్తుంటే, కోసేసిన చెరుకు మోడు చెప్పు పక్కనించి నా ఎడమకాలి చిటికెన వేల్లో దిగింది. నొప్పి పెట్టలేదు. షుగరు ముదిరినవాళ్ళకి కాళ్ళల్లో నొప్పి తెలీదని నాకప్పుడు తెలీదు. వారానికి వేలు నల్లబడింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల, నా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది: ఈ ఒక్క వేలూ తీసేస్తే పాదం దక్కుతుంది, ఆలస్యం చెయ్యొద్దు. కాగితమూ పెన్నూ నా చేతికిచ్చింది. నా చేతికే ఇచ్చింది. ఆ మాట నేను దాచను. నేను కాగితం చూశాను, పెన్ను చూశాను, రెండూ పక్కన నిలబడ్డ మా ఆయనకి అందించాను. పెళ్ళయిన దగ్గర్నించీ ఇంటికి ఏ కాగితమొచ్చినా అలాగే అందించాను. చేతికదే అలవాటు.

ఆయన బయటికెళ్ళి అన్నగారికి ఫోను చేశాడు. తలుపు తీసే ఉంది, ఆయన మాట నాకు వినపడుతోంది. అన్నగారిది పెద్ద గొంతు, అదీ వినపడింది. "షుగరు పుండు మీద కత్తి పెడితే మానదురా, పైపైకి పాకుతుంది. ముట్టుకోనివ్వకు. ఇంటికి తీసుకొచ్చెయ్, కొన్నాళ్ళు చూద్దాం." మా ఆయన లోపలికొచ్చి ఆ కాగితం డాక్టరమ్మకి తిరిగిచ్చేశాడు. నువ్వేమంటావని నన్నడగలేదు. నేనూ ఏమీ అనలేదు.

పసుపు పెట్టాం, వేపాకు నూరి కట్టాం, గుళ్ళో మొక్కుకున్నాం. పైన పొక్కు కట్టి ఆరినట్టే కనిపించింది. లోపల్లోపల ఏం జరుగుతోందో ఎవరికి తెలుసు. పదహారో రోజు జ్వరంతో నాకు తెలివి లేదు. రెండో కాగితం మీద మా ఆయనే సంతకం పెట్టాడట. ఆ కాగితంలో వేలు మాట లేదు, మోకాలి మాట ఉంది.

ఆ తర్వాత ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నోరున్నదాన్ని, ఉప్పు ఎక్కువైందని, దుప్పటి మడతపెట్టలేదని అరిచేదాన్ని, నేనూ ఎత్తలేదు. ఎత్తితే మా ఆయన తట్టుకోలేడని భయం. ఎత్తితే పెన్ను నా చేతిలోంచి ఎలా వెళ్ళిపోయిందో కూడా చెప్పుకోవాలి, అదింకో భయం. అన్నేళ్ళూ గొంతులో ముల్లులాగా ఉండిపోయింది.

ఆ ఆదివారం ఆ ముల్లు ఊడి పడింది.

"బావగారూ," అన్నాను వరండాలోంచి. ఆయన ఎదుట గొంతెత్తి మాట్లాడటం అదే మొదలు. "నా వేలికీ తమరు ఇదే వైద్యం చెప్పారు. ముట్టుకోవద్దు, కొన్నాళ్ళు చూద్దామన్నారు. చూశాం కదా! ఇంకా చూడాల్సింది మిగిలుంటే ఇదిగో, వచ్చి చూసిపొండి." గౌను అంచు పైకి లాగి కాలు లేని మోకాలు చూపించాను.

బావగారి చేతిలో చిప్ప ఒరిగి, యంగోనా చాప మీద ఒలికింది. ఆయన చిప్ప కింద పెట్టి, చప్పట్లు కొట్టకుండానే లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ముసలాయన నడక చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. ఛీ, ఎందుకన్నాను అనుకున్నాను. రెండుసార్లూ ఆయన మా మంచి కోరే చెప్పాడు. అయినా అన్నమాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

మా ఆయన బేసిను కడిగి బోర్లించాడు. చాప దులిపాడు. నాతో ఏమన్నా అంటాడేమోనని చూశాను. రాత్రి అన్నం తిని లేచి వెళ్ళాడు, మర్నాడు పొలానికి వెళ్ళాడు. సాయంత్రం వచ్చి ఒక కొత్త పని మొదలుపెట్టాడు. కారు న్యూట్రల్లో వేసి, పక్కింటాయన్ని పిలిచి, ఇద్దరూ కలిసి చేతులతో వెనక్కి నెట్టి, మూతి రోడ్డువైపు ఉండేలా తిప్పి నిలబెట్టాడు. పొద్దున్న నేను ఎక్కితే నేరుగా ముందుకి పోవడమే, రివర్సు అక్కర్లేదు. ఇక రోజూ అదే. మార్కెట్ దగ్గర కాపలా అతనికి కూడా చెప్పొచ్చాడు, మా ఆవిడకి ముందుకు పోయే చోటే చూసి పెట్టమని.

నాకు ఒళ్ళు మండింది. ఏడుపూ వచ్చింది. అరవయ్యేళ్ళకి దగ్గరపడ్డ మనిషి, పొలంలో పొద్దంతా గొడ్డులా చాకిరీ చేసొచ్చి, నడుం వంచి కారు నెడుతున్నాడు. ఒక్క మాట, మార్పిద్దామనో వద్దనో అనేస్తే పోయేదానికి! "ఎన్నాళ్ళిలా నెడతారు?" అని అడిగితే "నాకేం బరువు కాదులే," అన్నాడు. బరువు సంగతి నేనడగలేదని ఆయనకీ తెలుసు.

నెలా పదిహేను రోజులు అలా గడిచింది. తర్వాత ముందు గేరు కూడా జారడం మొదలైంది. ఒక శుక్రవారం మార్కెట్ నించి వస్తున్నాను. కోతల కాలం, గాలి నిండా చెరుకు కాల్చిన మసి. ఇంటికి సగం దూరంలో ఒక ఎత్తు ఉంది. దాని మధ్యకొచ్చేసరికి ఇంజిను ఒక్కసారి గోల పెట్టింది, బండి మాత్రం ఎక్కట్లేదు. ఎంత తొక్కితే అంత అరుపు. తర్వాత మెల్లిగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. అద్దంలో చూస్తే వెనకాల నిండా చెరుకేసుకున్న లారీ. బ్రేకు మీద నిలబడిపోయాను, ఉన్న ఒక్క కాలుతో. లారీ డ్రైవరు హారను మోగిస్తున్నాడు, ఏదో తిడుతున్నాడు కూడా. దిగి నెట్టే యోగం నాకెలాగూ లేదు. ఏం తోచక ఇంజిను ఆపి, దేవుణ్ణి తల్చుకుని మళ్ళీ తాళం తిప్పాను. జపానావిడ తన మాట తను చెప్పింది. ఈసారి పట్టుకుంది, నత్తలా పాకుతూ పైకెక్కింది.

ఇంటికొచ్చి ఊపిరి తీసుకుని మా ఆయనతో చెప్పాను. "సోమవారం గరాజుకి వెళ్తున్నాను. వస్తే రండి, రాకపోతే మానండి."

వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, ఆసుపత్రికి వచ్చినట్టే వచ్చాడు.

లంబాసాలో ఆ గరాజు మెకానిక్కు మాలాగా ఇండియా నించి వచ్చినవాళ్ళ సంతతి కాదు, ఈ దీవుల సొంత ఫిజీయుడు, మా వయసువాడే. హిందీ మాకంటే బాగా మాట్లాడతాడు. "బులా దీదీ," అని తన భాషలో పలకరించి, "ఏమైంది?" అంటూ నా కర్రలు అందుకుని, టైరు మీద గోనె పరిచి కూర్చోబెట్టాడు. నేను చెప్పేలోపే మా ఆయన అందుకున్నాడు.

"నూనె నిండుగానే ఉంది. నేను వారం వారం చూస్తున్నాను."

"ఎలా చూస్తున్నావు భయ్యా? ఇంజిను ఆపా?"

"ఆపే కదా చూస్తారు."

మెకానిక్కు నవ్వి కార్లో కూర్చున్నాడు. ఇంజిను నడవనిచ్చాడు, వేడెక్కాక బ్రేకు తొక్కి పట్టుకుని ప్రతి గేరులోనూ ఒకసారి వేసి తీశాడు. ఇంజిను నడుస్తుండగానే దిగొచ్చి పుల్ల లాగాడు. కొసన ఎక్కడో ఒక్క తడి చుక్క. అంతే.

"ట్రాక్టరుకైతే ఆపి చూడాలి. దీనికి నడుస్తుండగా చూడాలి. ఆపావంటే లోపల తిరిగే నూనంతా కిందికి దిగిపోయి నిండుగా కనిపిస్తుంది. చెరుకువాళ్ళందరూ ఇలాగే చూస్తారు భయ్యా, నువ్వొక్కడివే కాదు," అన్నాడు.

మా ఆయన నవ్వలేదు. ఆ పుల్ల కేసి అలాగే చూస్తూ ఉండిపోయాడు. పైకి బాగానే కనిపించిందని నమ్మి వారం వారం నాకు ఏం పర్లేదని చెప్పిన మనిషి ముఖం అది.

మెకానిక్కు కారు కింద దూరి చూసొచ్చాడు. ఒక గొట్టం దగ్గర చెమ్మ ఉంది, అక్కడే కొద్దికొద్దిగా కారిపోతోందన్నాడు. "గొట్టం బిగిస్తాను, అది పెద్ద పని కాదు. తర్వాత మీ ఇష్టం. తగ్గిన నూనె పోసి పంపమంటే పోసి పంపుతాను, కొన్నాళ్ళు నడుస్తుంది. కానీ ఉన్న నూనె మాడిపోయింది, అది లోపల ఉన్నంతకాలం గేరుని తింటూనే ఉంటుంది. మార్చమంటే మారుస్తాను. మెషిను పెట్టి మొత్తం కడగను, కిందికి ఎంత కారితే అంతే తీసి అంత కొత్తది పోస్తాను, నెలయ్యాక మళ్ళీ ఒకసారి. నేను చెప్పేది విను దీదీ. పాత గేరు. మార్చాక బాగుపడొచ్చు, వారంలో పోనూవచ్చు. రెండూ చూశాను. అందుకే మార్చేముందు ఓనరు చేత సంతకం పెట్టించుకుంటాం, పోతే గరాజు పూచీ లేదని."

ఒక అట్టకి క్లిప్పు పెట్టిన కాగితం, దానికి దారంతో కట్టిన పెన్ను తెచ్చి మా ఆయన చేతికిచ్చాడు. కారు ఆయన పేరు మీదే ఉంది మరి.

నేను టైరు మీద కూర్చుని చూస్తున్నాను. ఆయన కాగితం మొదట్నించి చివరిదాకా చూశాడు. ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం. వెనక్కి తిప్పి చూశాడు, అక్కడేమీ లేదు. "ఇప్పటికి పోసి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. అట్ట చంకలో పెట్టుకుని, నాలుగడుగులు బయటికి నడిచి, జేబులోంచి ఫోను తీశాడు.

అయిపోయింది, అనుకున్నాను. మళ్ళీ అన్నగారు, మళ్ళీ కొన్నాళ్ళు చూద్దాం. కుర్చీ నా కళ్ళముందు కనిపించింది, దాని చేతి మీద ఊడిన రంగుతో సహా. కేక పెట్టి ఆపాలనుకున్నాను. ఆపలేదు. ఈసారి ఆయన ఏం చేస్తాడో నాకు తెలియాలి. తెలియకుండా ఇక ఆయనతో ఒక కప్పు కింద బతకలేననిపించింది.

ఆయన ఫోను చేతిలో పట్టుకుని రోడ్డు కేసి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. మిల్లు వైపు పోయే లారీలు నాలుగో ఐదో పోయాయి. తర్వాత ఫోను జేబులో పెట్టేసుకుని వెనక్కొచ్చాడు. నా ముందు గొంతుక్కూర్చున్నాడు. నూనె మరకల నేల, ఇస్త్రీ పాంటు, ఏమీ చూసుకోలేదు. అట్ట నా ఒళ్ళో పెట్టాడు.

"ఆ రోజు నిన్నడగలేదు," అన్నాడు తెలుగులో. మామూలుగా మేము హిందీలోనే మాట్లాడుకుంటాం. తెలుగు మా ఇంట్లో పూజకీ, చావుకీ. "వేలు నీది. పెన్ను నీ చేతిలో ఉంది. నేను నిన్నడక్కుండా తీసుకెళ్ళి మా అన్నయ్యనడిగాను. రోజూ తల్చుకుంటున్నాను. ఇవాళ అడుగుతున్నానే. నువ్వేమంటావు?"

అన్నేళ్ళు ఎదురుచూసిన మాట నా ఎదురుగా కూర్చుంది. పెన్నుకి కట్టిన దారం వేలికి చుట్టుకుంటూ అన్నాను. "నేనే ఇచ్చానుగా పెన్ను మీకు. నాదీ తప్పే."

"అది తర్వాత," అన్నాడు. "ఇది చెప్పు."

"మార్పిద్దాం. పోతే పోనీ."

సంతకం పెట్టాను. మెకానిక్కు మొహమాటంగా "ఓనరు పెట్టాలి కదా దీదీ," అన్నాడు. మా ఆయన నేల మీద కూర్చునే చెప్పాడు, ఓనరు ఆవిడే అని. మెకానిక్కు ఆ సంతకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తెలుగులో పెట్టాను మరి. ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు నేను చిన్న క్లాసులో ఉన్నాను, స్కూల్లో మా అందరికీ చిన్న కాగితం జెండాలు పంచారు. ఆ జెండా వెనకవైపు ఖాళీలో మా నాన్న నా పేరు తెలుగులో రాసి, ఇది నీ సంతకం, ఎప్పుడైనా అవసరపడుతుంది, నేర్చుకోమన్నాడు. నేర్చుకున్నాను. అవసరం పడటానికి ఇన్నేళ్ళు పట్టింది.

కారు కిందినించి నూనె నల్లగా కారింది, గరాజంతా మాడు కంపు. తర్వాత మెకానిక్కు డబ్బా మూత తీసి కొత్తది పోశాడు. నిజంగానే ఎర్రగా ఉంది. టాక్సీవాళ్ళకి తెలుసన్నమాట. ఇంజిను నడుస్తుండగా పుల్ల లాగి మా ఆయనకి చూపించాడు. మా ఆయన తన చేత్తో తుడిచి, ముంచి, తీసి, మళ్ళీ చూసుకున్నాడు.

ఆ గేరు ఎన్నాళ్ళొచ్చిందని అడుగుతారేమో. నెల తర్వాత ఇంకోసారి మార్పించాం, అప్పటినించి నాలుగేళ్ళు, నాలుగు కోతల కాలాలు నడిచింది. తర్వాత పోయింది. పోయిన రోజు నేను ఏడవలేదు. బావగారు ఆ ఆదివారం వచ్చి, ఎవరు మార్చమన్నార్రా అని అడిగితే, మా ఆయన యంగోనా చిప్ప ఆయనకి అందిస్తూ "మా ఆవిడ," అన్నాడు. బావగారు తాగి, చప్పట్లు కొట్టి, నా వైపు చూసి తలూపాడు.

ఆ సోమవారం గరాజులో మాత్రం నూనె మార్చాక ఇంకో పని మిగిలింది. అక్కణ్ణించి బయటపడాలంటే వెనక్కి రావడమే, వేరే దారి లేదు. నెట్టేవాళ్ళని పిలవనా అంటాడేమోనని మా ఆయన కేసి చూశాను. ఆయన మాట్లాడకుండా వెళ్ళి కారు వెనకాల, సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు. "పక్కకి జరగండి, ఒక్కసారి ఉరుకుతుంది," అని అరిచాను. జరగలేదు. జపానావిడ తన మాట చెప్పింది. రివర్సులో వేసి, బ్రేకు మీంచి కాలు తీసి, ఒకటి అని లెక్క మొదలుపెట్టాను. రెండు అనక్కర్లేకపోయింది. కుదుపు లేకుండా కారు మెల్లిగా వెనక్కి కదిలింది. అద్దంలో మా ఆయన, కళ్ళనీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండా, రెండు చేతులూ ఊపుతూ, రా, రా అంటూ వెనక్కి నడుస్తున్నాడు.